పదకొండో నోటీసు

పంచాయతీ ఆఫీసులో ఆమెను అందరూ నోటీసక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒక్కటే. కాగితం ఎవరి పేరున ఉంటే వాళ్ల చేతికివ్వాలి, సంతకం పెట్టించుకోవాలి, తేదీ, టైము తన చేత్తో రాయాలి. వానలో కాగితం తడవకుండా పొట్టకు ఆనించుకుని నడిచిన రోజులున్నాయి. కుక్కలు తరిమిన సందులున్నాయి. ఇవ్వని నోటీసును ఇచ్చినట్టు మాత్రం ఒక్కసారీ రాయలేదు.

ఆ రోజు సంచిలో ఒక్క నోటీసే మిగిలింది. ప్రెసిడెంటు మీద అవిశ్వాసం పెట్టాలని సగానికి పైగా మెంబర్లు సంతకాలు చేసి ఇచ్చారు. పై ఆఫీసరు మీటింగుకు రోజు ఖాయం చేశాడు. దానికి పదిహేను రోజుల ముందే పదకొండు మంది మెంబర్లకూ నోటీసు అందాలి. ఒక్కరికి అందకపోయినా మీటింగు చెల్లదు. గడువు ఆ సాయంత్రం ఐదింటిదాకా. పదకొండో మెంబరు టైర్ల షాపాయన, మూడు రోజులుగా ఎక్కడా కనబడలేదు.

ప్రెసిడెంటు ఆమె సొంత తమ్ముడు.

"అక్కా, ఒంట్లో బాగాలేదని ఇంటికెళ్లి పడుకో," అన్నాడు పొద్దున్నే ఫోనులో.

"నాకేం రోగం?"

"ఏదో ఒకటి తెచ్చుకో. నా కోసం."

ఆమెకు ఒళ్లు మండింది. వాణ్ని చంకనెత్తుకుని తిప్పింది తను. పలక మీద మొదటి అక్షరం దిద్దించింది తను. ఆ చేత్తోనే వాడిప్పుడు ఊరి ట్యాంకరును తన ఐసు ఫ్యాక్టరీకి మళ్లిస్తున్నాడు. బిందెలు పెట్టుకుని నిలబడ్డ తమ వీధి ముందు నుంచే ఆ బండి నీళ్లు కార్చుకుంటూ పోతుంది. దుమ్ములో తడి చార సన్నబడి, మాయమయ్యేదాకా జనం చూస్తుంటారు.

టైర్ల షాపు మూసి ఉంది. ఇంటికి తాళం. తలుపుకు అంటిద్దామంటే సాక్షి సంతకానికి ఇరుగుపొరుగు ఒక్కరూ బయటికి రాలేదు. విసుగ్గా వెనక్కి నడుస్తుంటే తమ్ముడి ఇంటి పక్కన దుప్పటి కప్పిన టైర్ల షాపాయన స్కూటరు కనబడింది. మనిషిని దాచినవాళ్లు బండి నంబరు దాచడం మరిచారు.

లోపల ముందుగదిలో తమ్ముడు, టైర్ల షాపాయన పేకాడుతున్నారు. గోడవార అమ్మ కూర్చుని ఉంది.

"ఏం బాబాయ్, ఊరెళ్లారటగా?"

"ఇప్పుడే దిగానమ్మా."

"ఊరి నుంచి లుంగీలోనే వచ్చారా?"

నోటీసు చాపింది. మందు తాగనని మొరాయించే పిల్లాడిలా ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను తీసుకోను."

"సరే. మీ ఎదుట చదివి, తీసుకోనన్నారని రాసి, ఇద్దరు సాక్షుల సంతకం తీసుకుంటే అందినట్టే."

తమ్ముడు నవ్వాడు. "సాక్షులెవరు? ఈ గోడలా?"

ఆమె మొదటి వరుస నుంచి చివరిదాకా గట్టిగా చదివింది. అవిశ్వాసం అన్న మాట దగ్గర తమ్ముడి నవ్వు ఆగిపోయింది.

"మీ వీధికి ఇవాళే ట్యాంకరు పంపిస్తాలే అక్కా. అది లోపల పెట్టు."

"పంపడానికి అవి నీ నీళ్లట్రా? సిగ్గుందా నీకు?"

వంటింటి గుమ్మంలోంచి మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇటివ్వండి వదినా. మా అమ్మా ఆ వీధిలోనే బిందె పట్టుకుని నిలబడుతోంది." మొగుడి వైపు చూడకుండా సంతకం చేసింది.

ఇంకొకటి కావాలి. అమ్మ చెయ్యి చాపింది.

"అమ్మా, నువ్వు పెట్టకు!" తమ్ముడు అరిచాడు.

"ఆయన వద్దనడం నా చెవులతో విన్నానా లేదా?" అమ్మ వంకర అక్షరాలతో మెల్లగా పేరు రాసి, కాగితాన్ని కూతురి మీదికి తోసింది. "విన్నది విన్నానన్నాను, అంతే. తమ్ముడి కుర్చీ లాగినదానివి, ఇక ఈ గడప తొక్కకు."

"నేను లాగలేదమ్మా. ఉంచాలో దించాలో ఆ పదకొండు మంది తేల్చుకుంటారు."

"పో!"

ఒక ప్రతి బల్ల మీద, పేకముక్కల నడుమ పెట్టింది. టైము రాసింది, నాలుగూ ముప్ఫై ఎనిమిది. వీధిలోకి వచ్చి ఆఫీసు దారి పట్టింది. ఇరవై రెండేళ్ల నిజాయితీకి వాడు కట్టిన విలువ ఒక దొంగ జ్వరం! తలచుకున్నకొద్దీ నడక వేగమైంది.

ఐదుకు ఆరు నిమిషాలుందనగా గుమాస్తా ముద్ర వేశాడు. రిజిస్టరులో పదకొండో గడి ఆమె తన చేత్తోనే నింపింది. పెన్ను నొక్కిన నొక్కుకు అక్షరాలు కింది పేజీలోకి కూడా దిగాయి.