స్టాఫ్ రూములో బేరిపండ్లు

మడికొండ నుంచి హనుమకొండకు మేమిద్దరం ఏడేళ్లు ఒకే ఆటోలో వెళ్లాం. ఇద్దరిదీ ఒకే స్కూలు. నేను తెలుగు చెప్తాను, ఆమె సైన్సు. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను. ఇంట్లో మాట పట్టింపులైనా, ఒంట్లో నలతైనా మొదట ఆ ఆటోలోనే చెప్పుకునేవాళ్లం. ఆమెకు నాకంటే దగ్గరివాళ్లు ఎవరూ లేరని నా నమ్మకం.

ఒక జూన్‌లో లెక్కలు చెప్పడానికి కొత్త టీచరు వచ్చింది. ముస్లింల అమ్మాయి, కాజీపేటలో మా ఆటోనే ఎక్కేది. వాళ్ల నాన్న చాలాకాలం బండి మీద పండ్లు అమ్మాడట. వానలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆమె తన డబ్బా తెరిచింది. బేరిపండ్లు. తొక్క చెక్కి, గింజలున్న నడిమి భాగం తీసేసి, సన్నటి ముక్కలుగా కోసి తెచ్చింది. నల్లబడకుండా నిమ్మరసం నీళ్లలో ముంచి తీసిందట. పైన చిటికెడు నల్ల ఉప్పు. అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. ఇంత తియ్యటి పండు తానెప్పుడూ తినలేదని ఆ తర్వాత చెప్పింది.

ఏడేళ్లలో నేను ఆమెకు సకినాలు తెచ్చాను, మామిడికాయ తొక్కు తెచ్చాను, పండగలకు కేకు తెచ్చాను. బాగుందనేది, తినేది. అలా మాటలు మరిచిపోయింది మాత్రం ఎన్నడూ లేదు.

అప్పటినుంచి రోజు విడిచి రోజు ఆ డబ్బా వచ్చేది. ఆటోలో కొత్తామె మా మధ్యన కూర్చోవడం అలవాటైంది. వాళ్లిద్దరూ ఏదో చెప్పుకుని నవ్వితే నేను రోడ్డు వైపు చూసేదాన్ని. ఒకసారి, వానాకాలంలో చల్లటి పండ్లు తింటే జలుబు చేస్తుందని అక్కను హెచ్చరించాను కూడా. ఆమె తల ఊపి ఇంకో ముక్క తీసుకుంది.

ఇక నేనే తేవాలనుకున్నాను. హనుమకొండ చౌరస్తాలో, తెల్లటి జాలీ తొడుగుల్లో పెట్టినవాటిలోంచి బాగా నిగనిగలాడే పచ్చటివి ఏరి కొన్నాను. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టాను. నాలుగు రోజులైనా రాయిలా ఉన్నాయి. కోపమొచ్చి బయట పెట్టి వదిలేశాను. వారం దాటాక చూస్తే పైకి బంగారు రంగు. అందరి ముందు కోద్దామని కత్తితో సహా సంచిలో వేసుకుని వెళ్లాను.

కోస్తే లోపలంతా గోధుమ రంగు. పుల్లటి వాసన. అక్క అంచున మిగిలిన తెల్లటి ముక్క ఒకటి తిని, "బాగనే ఉన్నది" అంది. అబద్ధమని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కొత్తామె ఆ రోజు తన డబ్బా తెరవలేదు. నా మీద జాలిపడుతోందనిపించి, నాకు ఆమె మీద ఇంకా మండింది.

మరుసటి వారం అక్కకు జ్వరమొచ్చింది. ఆటోలో కొత్తామె, నేను మాత్రమే. కాజీపేట దాటాక ఆమే అంది.

"మేడమ్, రంగు చూసి కొనొద్దు. తొడిమ పక్కన జర ఒత్తి చూడాలె. అక్కడ మెత్తగైతే పండినట్టు. ఒళ్లంత మెత్తబడెదాంక ఆగితె లోపల పాడైతది."

గట్టివి తెచ్చినా ఫికర్ లేదట. కాగితం సంచిలో అరటిపండుతో కలిపి బయట ఉంచాలి, రోజూ ఒత్తి చూడాలి, పండాకే ఫ్రిజ్‌లో పెట్టాలి. విన్నాను. విని ఊరుకోక, అంత శ్రమపడి ఎందుకు తెస్తున్నావని కాస్త పుల్లవిరుపుగానే అడిగాను.

ఆమె ఒడిలోని సంచి వైపు చూసింది. "మీరిద్దరు మాట్లాడుకుంటాంటె నాకు నడుమ ఎట్ల రావాల్నో తెల్వకపోయేది. చేతిల ఏమన్న ఉంటె పిలుస్తరని తెచ్చిన" అంది.

నా మనసులో ఉన్నది ఆమెకు చెప్పలేదు, ఈరోజుకీ చెప్పలేదు. సాయంత్రం మాత్రం పండ్ల దుకాణం దాకా నాతో వస్తావా అని అడిగాను. వచ్చింది. ఒక్కో పండు మెడ దగ్గర బొటనవేలితో మెల్లగా ఒత్తి నాలుగు తీసింది. నాతో కూడా ఒత్తించింది.

అక్క మళ్లీ స్కూలుకు వచ్చిన రోజు నా డబ్బా తెరిచాను. అక్క ఒక ముక్క తిని, కొత్తామె వైపు తిరిగి, "ఇయ్యి నువ్వు తెచ్చినయేనా?" అని అడిగింది. నాకు చురుక్కుమంది. నేను తెచ్చానని, ఎలా ఏరాలో ఆమె నేర్పిందని చెప్పాను. రెండో మాట చెప్పడానికి కొంచెం కష్టపడ్డాను.

ఇప్పటికీ వాళ్లిద్దరూ నాకు వినపడకుండా నవ్వితే ప్రాణం ఉసూరుమంటుంది. అయితే రోడ్డు వైపు చూడటం మానేశాను. ఏంది ముచ్చట అని అడుగుతాను. చెప్తారు. చాలాసార్లు అది అంత నవ్వొచ్చే సంగతేమీ కాదు.