గేటు బయట ఆషాఢం

పెళ్ళైన మొదటి ఆషాఢంలో కోడలు పుట్టింటికి వెళ్ళాలి, అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు. మా అత్తగారు ఆ ఆనవాయితీ గుర్తుచేయగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చీరలతోపాటు సర్టిఫికెట్లూ సూట్‌కేసులో సర్దేశాను. మళ్ళీ గవర్నర్‌పేటలో ఆ ఇంటి మెట్లు ఎక్కేది లేదని అప్పటికే తేల్చుకున్నాను. అమ్మకు కూడా చెప్పలేదు.

కారణం వింటే నవ్వుతారు. మా ఆయన నాతో మాట్లాడరు. కోపంతో కాదు, మర్యాదతో. పెద్దల ముందు పెళ్ళాంతో మాట్లాడకూడదట ఆ ఇంట్లో. నేను పక్కనే ఉంటే, "అమ్మా, నా చొక్కా ఇస్త్రీ అయిందేమో కనుక్కో" అనేవారు. ఆఫీసులో పదిమందికి పని చెప్పేదాన్ని, అక్కడ స్తంభంలా నిలబడేదాన్ని. రాత్రి ఆయన ఇంటి కిందున్న దుకాణం కట్టేసి పైకొచ్చే వేళకు నాకు ఆఫీసు కాల్స్ మొదలయ్యేవి. ఒళ్ళు మండిపోయేది.

మంగళగిరిలో పుట్టింటికి వచ్చిన మొదటి ఆదివారమే ఆయన బైకు మా గేటు ముందు ఆగింది. గడప తొక్కకూడదు కదా, బయటే నిలబడ్డారు. అమ్మ కాఫీ నా చేత పంపించింది.

గ్లాసు ఖాళీ అయినా కదలరు. చుట్టూ పెద్దలు లేరాయె, దుకాణం సంగతులు, చిన్నప్పుడు చదవాలనుకున్న చదువులు, అన్నీ చెప్పుకొచ్చారు. ఈయన ఇంత వాగుడుకాయని నాకేం తెలుసు? ఆపైన ప్రతి ఆదివారమూ వచ్చారు. నేనూ ఎదురు చూడసాగాను, నా మీద నాకే చిరాకేసింది. చివరి ఆదివారం ఉన్నమాట చెప్పేశాను.

"నేనిక రానండీ. ఇక్కడ మాట్లాడే మనిషి అక్కడ ఉండరు."

ఆయన ముఖం పాలిపోయింది.

"మా నాన్న అమ్మను పలకరించగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఎలా మొదలెట్టాలో తెలీదు నాకు. ఒక్కసారి రా. నేను మాట్లాడకపోతే నేనే తీసుకొచ్చి దింపుతా."

శ్రావణంలో వెళ్ళాను. సర్టిఫికెట్లు మాత్రం సూట్‌కేసులోంచి తీయలేదు.

మధ్యాహ్నం మామగారూ ఆయనా భోజనానికి కూర్చున్నారు. అత్తగారూ నేనూ వడ్డిస్తున్నాం. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా వైపే చూసి, "నువ్వు తిన్నావా?" అన్నారు.

మామగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"లేదండీ."

"అయితే కూర్చో."

ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడి, "బానే ఉంది. మరి నన్నెవరడుగుతారు?" అన్నారు.

మామగారు తలెత్తలేదు. ఎడమచేత్తో పక్కనున్న కుర్చీ మాత్రం వెనక్కి లాగారు.

భోజనాలయ్యాక సర్టిఫికెట్లు తీసి మా గదిలో బీరువాలో పెట్టుకున్నాను.