మేడ మీద మూసీ బురద

ఫిబ్రవరి నెల, శనివారం, తార్నాక. హాజరైనవారు: నేను, మా ఆవిడ, మేడ మీద గదిలో అద్దెకుండే పరిశోధక విద్యార్థిని, ఆమె గైడు.

ఉద్యోగమంతా మీటింగుల మినిట్స్ రాసినవాణ్ణి కనుక డైరీలో ముఖ్యమైన రోజులు ఇలాగే మొదలుపెడతాను. ఆ రోజు పేజీలో మాత్రం సగం దాటాక నా అక్షరాలు వరస తప్పాయి. అంత హడావుడిగా రాశాను.

ఆ వారం మా మేడ మీద మూడు ట్రేలున్నాయి. ఒకదానిలో గోల్నాక దగ్గర మూసీ అడుగు నుంచి తీసిన నల్లటి బురద. రెండోదానిలో అదే బురద, నిమ్మఉప్పు కలిపిన నీళ్ళతో పదేపదే కడిగింది. మూడోదానిలో పోల్చి చూడటానికి క్యాంపస్ తోట మట్టి. యూనివర్సిటీలో ల్యాబ్ వరండాకి రంగులేస్తున్నారు. గోడలు గీకిన పొడి పడితే ప్రయోగం పాడవుతుందని ఆ అమ్మాయి వాటిని ఇక్కడికి తెచ్చుకుంది. పైన నీళ్ళు పోస్తే మట్టిలోంచి దిగి, అడుగునున్న సీసాలో చుక్కలుగా పడతాయి. ఆ చుక్కల్లో సీసం, రాగి ఎంతున్నాయో యంత్రం మీద చూస్తారు. కడిగిన బురదలోంచి లోహాలు కారకపోతే దాన్ని మళ్ళీ ఏటి ఒడ్డునే పోయొచ్చు, పక్కన పాలకూర పండించినా భయం లేదు. ఆమె పీహెచ్‌డీ అంతా ఈ ఒక్క మాట మీదే ఉంది.

గైడు మెట్లెక్కి వచ్చి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ పక్కన పెట్టేసి యంత్రం ఫలితాల కాగితం చాపాడు.

"సీసం బాగా తగ్గింది. రాగి తగ్గాల్సినంత తగ్గలేదమ్మా. సోమవారం థీసిస్ ఇచ్చేయాలి. ఈ చాప్టర్ తీసేద్దాం."

"తీసేస్తే ఏం మిగుల్తది సార్? అట్టలు మిగుల్తయి."

గైడు తెచ్చిన థీసిస్‌లో ఆ చాప్టర్ మీద అప్పటికే అడ్డంగా కొట్టివేత ఉంది. ఆమె కాగితం రెండుసార్లు చదివింది.

"పోయినసారి రాగి కూడా తగ్గింది కద సార్. తోట మట్టి నీళ్ళు చూసిన్రా?"

"అందులో ఏముంటుంది? యంత్రం దగ్గర అందరూ క్యూలో ఉన్నారు. అది వదిలేశాను."

ఆమె మూడో సీసా తీసి మూత బిగించింది. "పోదాం పాండి సార్. అంకుల్, మీరు కూడా రాండి."

నన్నెందుకు పిలిచిందో తెలీదు కానీ, చెప్పులేసుకుని గైడు కారెక్కేశాను. క్యాంపస్ రోడ్డు మీద చెట్ల నీడలు వెనక్కి పోతుంటే, చాలా ఏళ్ళ తర్వాత పరీక్ష ఫలితాలకి వెళ్తున్నట్టు అనిపించింది.

యంత్రం ఆ సీసాలో నీళ్ళు పీల్చుకుని, తెర మీద గీత గీసింది. గీత పైకి లేచింది.

"తోట మట్టిల రాగేంది సార్!" అని ఆమె గంతేసినంత పనిచేసింది. రాగి ఎక్కువైతే ఈ సంతోషమేమిటో నాకు బోధపడలేదు. గైడే తల పట్టుకుని చెప్పాడు. "మూడు ట్రేల్లో మట్టి వేరువేరు. నీళ్ళు మాత్రం ఒకటే. రాగి నీళ్ళలోంచి వచ్చిందన్నమాట!"

నీళ్ళు ల్యాబ్ నుంచి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్. డబ్బా మా మెట్ల దగ్గరే ఉంది. కానీ ఆ వారం ఆమె చుట్టాల పెళ్ళికి వెళ్తూ ట్రేలను మాకు అప్పజెప్పింది. నీళ్ళు పోసే పని మా ఆవిడది. ఆ అమ్మాయి వెంటనే మా ఆవిడకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"ఆంటీ, ట్రేలకు ఏ నీళ్ళు పోసిన్రు?"

"నువ్వు చెప్పినన్ని పోశానమ్మా, గ్లాసుతో కొలిచి."

"ఎన్ని అని కాదు ఆంటీ. ఏ నీళ్ళు?"

"ఆ డబ్బా నీళ్ళు నోట్లో పోసుకుని చూశాను. ప్రాణం లేని నీళ్ళు, పాపం మట్టి మాత్రం ఏం బతుకుతుందని, మన రాగి బిందెలో రాత్రి నిలవుంచిన నీళ్ళు పోశాను. ఆరోగ్యం కదా!"

గైడు కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడని కాసేపటికి గానీ తెలియలేదు.

"ఏమండీ, ఏమైంది? ఎందుకా నవ్వులు?" అంటోంది ఫోన్లో మా ఆవిడ.

కడిగిన బురద ల్యాబ్‌లో ఇంకో జాడీ నిండా ఉంది. యంత్రం గదిలోనే, రంగులకు దూరంగా, సాయంత్రానికి కొత్త ట్రే అమర్చారు. ల్యాబ్‌లోని డిస్టిల్డ్ నీళ్ళు పోసి, కింద సీసా పెట్టి, తలుపు తాళం వేసి గైడు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ రాత్రి నేను మూడుసార్లు లేచాను. ప్రతిసారీ పై గదిలో లైటు వెలుగుతూనే ఉంది.

ఆదివారం ఉదయం హాజరైనవారు పాతవారే. ఈసారి మా ఆవిడ కూడా ఇడ్లీల క్యారియర్‌తో కారెక్కింది. యంత్రం గీత గీస్తుంటే అందరం తెర మీదకి వంగి చూశాం. గీత లేవలేదు. సీసానికీ లేవలేదు, రాగికీ లేవలేదు.

గైడు జేబులోంచి పెన్ను తీసి, చాప్టర్ మీద తాను పెట్టిన కొట్టివేతను కొట్టేశాడు. ఆ అమ్మాయి మా ఆవిడని క్యారియర్‌తో సహా వాటేసుకుంది.

"అయితే మా బిందె నీళ్ళు విషమా?" అంది మా ఆవిడ, ఆమెని విడిపించుకుని.

"కాదమ్మా," అన్నాడు గైడు. "ఈ యంత్రం చిటికెడులో చిటికెడు కూడా పట్టేస్తుంది. ఆ కాస్త రాగికి మీకేం కాదు. ఎంతుంటే హాని, ఎంతుంటే కాదు అని చెప్పడానికే ఈ చాప్టర్."

"ఆంటీ, సోమవారం నేను థీసిస్ ఇచ్చెటందుకు తిరుగుతుంట. ఇంకోసారి సరిచూసెటందుకు ఇంట్ల ట్రేలు కడిగి మళ్ళ పెడుత. నీళ్ళు మీరే పోయాలె. గా డబ్బా నీళ్ళే!"

"చప్పటి నీళ్ళు," అంది మా ఆవిడ, ల్యాబ్‌లో నింపి పెట్టిన కొత్త డబ్బా ఎత్తుకుంటూ.