పొరలు పేర్చి కోసిన ఖర్చులు

ఏది కోయాలన్నా ముందు కత్తెరను గాలిలో ఒకసారి తెరిచి మూస్తాడు. గుడ్డ అయినా, పాల ప్యాకెట్టు అయినా, మందుబిళ్లల అట్ట అయినా. ఆ చప్పుడు విన్నాకే చెయ్యి కదులుతుంది. పని నేర్పినాయనకి ఆ అలవాటు ఉండేది. గాలిని కోసేటప్పుడు చెయ్యి వణికితే ఆ రోజు గుడ్డ జోలికి పోకూడదని ఆయన చెప్పేవాడు.

అందరూ అతన్ని కత్తెర మాస్టరు అంటారు. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కోత పని. పొడవాటి బల్ల మీద గుడ్డను పొర మీద పొర పరుస్తారు. పై పొర మీద అతను సుద్దతో గీతలు గీస్తాడు. ఆ గీత వెంట కరెంటు కత్తి నడుస్తుంది. పైన ఒక చొక్కా చెయ్యి తెగితే కింద అన్ని పొరల్లోనూ తెగుతుంది. పై గీత తప్పితే కింద అన్నీ తప్పే. ముక్కకీ ముక్కకీ మధ్య వేలు దూరే సందు కూడా వదలడు. పనయ్యాక అతని బల్ల కింద ఊడ్చడానికి పీలికలుండవు.

"మాస్టారు తుమ్మితే రెండో తుమ్ము రేపటికి దాచుకుంటారు," అని కుట్టు మిషన్ల దగ్గర ఆడవాళ్లు నవ్వుకుంటారు. అతనికి వినపడుతుంది. అందులో నవ్వేందుకేముందో అర్థం కాదు.

ఆ ఏడు కార్ఖానాకు ఆర్డర్లు సగానికి పడ్డాయి.

"వారంలో సగం రోజులే రండి మాస్టారూ. జీతమూ సగమే. మానేస్తానంటే మీ ఇష్టం," అన్నాడు యజమాని.

మానేస్తే ఇంకో బల్ల లేదు. తల ఊపి వచ్చేశాడు.

ఇల్లు రెండు గదులు. ముందుగదిలో మంచం, కుర్చీ, గోడ మూలన స్టూలు మీద తీగ ఉన్న పాత ఫోను. మిగిలిన యూనిఫారం ముక్కతో కుట్టిన గలేబును భార్య దాని మీద కప్పి ఉంచుతుంది.

సెలవు రోజున కూతురు వచ్చింది. పెళ్లయి ఊరికి రెండో కొసన ఉంటుంది. మందుల దుకాణంలో బిల్లులు కొడుతుంది. తండ్రి బ్యాంకు లెక్కలు సెల్లులో తెరిచి, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నాన్నా, ఇది ఖాతా కాదు, జల్లెడ. నువ్వు పైనుంచి పోస్తున్నావు, కింద కారిపోతోంది. ఈ వారపత్రిక ఎవరు చదువుతున్నారు?"

"మీ అమ్మ."

"నేనా?" అంది భార్య వంటగదిలోంచి. "నేను అలమరా అరల్లో పరుస్తున్నా. చదివేది మీరనుకున్నా."

"తీసేయి. ఈ కేబులు?"

"నువ్వే పెట్టించావు."

"నేను పెళ్లయి పోయాను, అది పోలేదన్నమాట. తీసేయి. నీళ్ల ఫిల్టరుకి సర్వీసు చందా కడుతున్నావు. ఆ ఫిల్టరేది?"

"పాత సామాన్లవాడికి వేసేశాం."

"మనిషి పోయాక మందులు కొన్నట్టుంది. ఈ రెండో బ్యాంకు ఖాతా చూడు. అందులో డబ్బు లేదని వాళ్లు జరిమానా కోస్తున్నారు."

"లేనందుకు కూడా తీసుకుంటారా?"

"లేనివాడి దగ్గరే తీసుకుంటారు."

అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ముఖం తేటపడింది. నెలల తర్వాత చేతినిండా కోయడానికి ఏదో దొరికింది.

"ఇదొకటి. ఈ మూల ఫోను. నెలనెలా అద్దె. ఇంటిల్లిపాదికీ సెల్లులున్నాయి. దీనికి ఎవరు చేస్తారు?" అంది కూతురు.

భార్య చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది.

"దాన్ని ఉంచండి."

"అది కాదమ్మా, ఎవరు చేస్తారని..."

"ఉంచమన్నాను కదే."

కూతురు తండ్రి వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

చేసేవాడు ఒకడున్నాడు. అతని తమ్ముడు. తల్లీ తండ్రీ పోయాక చిన్నప్పుడే ఈ ఇంటికి వచ్చాడు. వదినే తల దువ్వి బడికి పంపింది. పెద్దయ్యాక అన్న వెంట కార్ఖానాకు వెళ్లి గుడ్డ పరిచే పనిలో చేరాడు. ఒకరోజు పొరలు వంకరగా పరిచాడు. కత్తి నడిచాక గాని ఎవరూ చూడలేదు. ఒక బడికి వెళ్లాల్సిన చొక్కాలన్నీ పాడయ్యాయి. యజమాని నోరు తెరవకముందే అన్న అన్నాడు: "తీసేయండి. నా తమ్ముడని చూడొద్దు." యజమానికి ఆ ఉద్దేశమే లేదు. ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికి రాలేదు. మళ్లీ రాలేదు.

ఏటా వానలు మొదలయ్యే రోజుల్లో మూల ఫోను మోగుతుంది. ఎత్తితే అవతల మాట ఉండదు. ఊపిరి ఉంటుంది. భార్య నేల మీద కూర్చుని ఇంటి సంగతులు చెబుతుంది. "అమ్మాయికి పెళ్లయింది. మీ అన్నకి కళ్లద్దాలొచ్చాయి. గోడలకి సున్నం వేయించాం. తిన్నావా?" అక్కడికి అవతల పెట్టేస్తారు. అతను ఆ గదిలోనే ఉంటాడు. ఎవరని అడగడు. ఆమె చెప్పదు.

పనిలేని రోజు చూసుకుని బ్యాంకుకు వెళ్లాడు. కౌంటరులో అమ్మాయి తెర వైపు చూస్తూ అడిగింది.

"నెలనెలా వాటంతటవే పోయేవి చాలా ఉన్నాయండీ. ఒక్కోటి చూసి ఆపాలా, అన్నీ ఆపేయాలా? ఒక్కోటంటే ఒక్కోదానికీ సంతకం పెట్టాలి."

"పొరలు పేర్చాక ఒక్కోటి కోస్తామా తల్లీ? అన్నీ ఒకేసారి. కావలసినవి మళ్లీ పెట్టుకుంటా."

చేతిలో కత్తెర లేదు. రెండు వేళ్లు గాలిలో తెరిచి మూశాడు. సంతకం పెట్టాడు.

కరెంటు బిల్లు, ఇంటి అద్దె అక్కడే మళ్లీ పెట్టించాడు. ఫోను సంగతి తలుపు దగ్గర గుర్తొచ్చింది. వెనక్కి చూశాడు. అతను లేచిన చోట ఇంకొకరు కూర్చున్నారు. వెనక వరస తలుపు దాకా ఉంది. వచ్చే నెల చూసుకోవచ్చనుకున్నాడు.

"అంతా శుభ్రం చేశాను," అన్నాడు ఇంటికొచ్చి.

"ఫోను?"

"ఉంది."

వచ్చే నెల వచ్చింది. ఖాతాలో నాలుగు రూకలు నిలిచాయి. చాలా కాలం తర్వాత నిలిచాయి. అందులో ఫోను అద్దె ఏదో, వారపత్రిక చందా ఏదో విడిగా కనపడదు. ముట్టుకోబుద్ధి కాలేదు. అలా ఇంకో నెల పోయింది. ఇంట్లో రెండో పూట టీ ఆగింది. ముందుగదిలో దీపం ఆగింది. ఫోను మాత్రం గలేబు కింద ఎప్పటిలాగే ఉంది.

మబ్బులు పట్టిన రోజు భార్య గలేబు తీసి ఫోను తుడిచింది. వానలకు ముందు ఏటా చేసే పనే. రిసీవరు చెవికి పెట్టుకుంది. దించింది. మళ్లీ ఎత్తింది.

"ఏమండీ, ఇది పలకడం లేదు."

అతను చెప్పేశాడు. "నేనే ఆపాను. అన్నిటితో పాటు."

ఆమె రిసీవరు పెట్టేసింది. చెప్పులు వేసుకుని గొడుగు తీసింది. వెనకే అతను నడిచాడు.

టెలిఫోను ఆఫీసులో బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక్క మనిషి కూర్చున్నాడు.

"గడువు దాటిపోయింది పెద్దాయనా. ఆ నంబరు తీసేశాం."

"బాకీ కట్టేస్తా. జరిమానా వేసినా కడతా."

"కట్టినా ఏం చేయను? మీ వీధిలో తీగలే పీకేస్తున్నారు. ఉన్నవాళ్లకి ఉన్నన్నాళ్లు నడుపుతాం. వదిలేసినవాళ్లకి మళ్లీ ఇవ్వం. అయినా అదెందుకండీ ఈ రోజుల్లో? మేమే వాడటం లేదు."

అతను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి భార్య అడిగింది.

"ఆ నంబరుకి ఎవరైనా చేస్తే ఏం వినపడుతుంది బాబూ?"

"ఈ నంబరు లేదని వస్తుందమ్మా."

"లేదని ఎవరు చెప్తారు?"

"మనుషులెవరూ చెప్పరమ్మా. అదే చెప్తుంది."

బయట వాన మొదలైంది. గొడుగు ఒక్కటే. ఆమె దాన్ని అతని మీదికి వంచలేదు, అతనూ దగ్గరికి జరగలేదు. వీధి మలుపులో ఆమె అడిగింది.

"వాడేనని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఒక్క ఏడన్నా ఎత్తలేదేం?"

"నా గొంతు వింటే పెట్టేస్తాడని."

"నా గొంతు విన్నా పెట్టేసేవాడే. మళ్లీ ఏడాదికి చేసేవాడు." కొంత దూరం నడిచాక అంది, "అప్పుడు పనిలోంచి తీసేయించారు. అప్పటికి ఇల్లన్నా ఉండేది వాడికి. ఇప్పుడదీ లేదు."

ఇంటికొచ్చి ఆమె గలేబును మడిచి అలమరాలో పెట్టింది. ఫోను స్టూలు మీదే ఉంది. వాన పడుతూనే ఉంది. గదిలో ఏదీ మోగలేదు.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. అతనికి పనిలేని రోజు. పని సంచిలోంచి నీలం సుద్ద తీసుకుని గుమ్మం బయటికి వచ్చాడు. చూరు కింద గోడ ఒక మూర మేర పొడిగా ఉంది. గోడకు ఎదురుగా నిలబడి అరచెయ్యి తన తల కంటే కొంచెం పైకి ఎత్తాడు. మళ్లీ కొంచెం దించాడు. తమ్ముడి కొలతలు టేపు లేకుండానే అతనికి తెలుసు. కళ్లు ఆనే చోట భార్య సెల్లు నంబరు రాశాడు. లావుగా, అంకెకీ అంకెకీ మధ్య రెండు వేళ్ల సందు వదిలి రాశాడు.

భార్య గడపలో నిలబడి చూస్తోంది.

"వాన ఇటు కొడితే?"

"మళ్లీ రాస్తా."

"కింద మీది కూడా రాయండి."

కింద చోటుంది. అతను సుద్ద ఆనించాడు. తీసేశాడు.

"నాది చూస్తే ఆగడు," అన్నాడు.

సుద్ద జేబులో వేసుకుని, గోడ కింద రాలిన నీలం పొడిని కాలితో పక్కకు నెట్టాడు.