వదినకి చెప్పని వైద్యం

నాకు మోకాళ్ళ నొప్పులు ఏనాడూ లేవు. అయినా మూడు నెలలపాటు మా వీధి వీధంతా నా మోకాళ్ళ గురించే మాట్లాడుకుంది. ఆ పుకారు పుట్టించిన మహాతల్లిని నేనే.

అసలు జబ్బు వేరు. ఉచ్చ ఆగేది కాదు. వస్తోందని తెలిసేలోపే అయిపోయేది. యాభై ఆరేళ్ళ మనిషిని, ఇలాంటి మాట ఎవరితో అనను? నరసాపురంలో మా వీధి ఆడవాళ్ళం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎదురింటి వదిన అరుగు మీద చేరి లేసు అల్లుకుంటాం. ఇరవై ఏళ్ళుగా నా చోటు ఆవిడ పక్కనే. ఒకరోజు లోపల ఎవరో కుళాయి తిప్పారు. ఆ చప్పుడుకే నా చీర తడిసిపోయింది. తలనొప్పని చెప్పి, లేసు మూట వెనక అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చేశాను. మళ్ళీ ఆ అరుగెక్కలేదు. తలుపేసుకుని ఒక్కదాన్నే అల్లేదాన్ని. ఎదురుగా నవ్వులు వినపడితే ఒళ్ళు మండేది, నేను లేకపోయినా వీళ్ళకి అంత నవ్వెలా వస్తోందని. ఆ ఏడాది నాకు పట్టిన దిగులు పగవాళ్ళకి కూడా వద్దు.

చివరికి రాజమండ్రి ఆస్పత్రికి వెళ్తే, అక్కడి డాక్టరమ్మగారు పరీక్షలు చేసి, "మాత్రలు మీకు పడట్లేదు కదండీ, కాలికి కరెంటు పెడదాం. వారానికొకసారి, పన్నెండు వారాలు" అన్నారు.

"జబ్బు ఒకచోట ఉంటే కాలు పట్టుకుంటారేంటండీ?" అన్నాను.

ఆవిడ నవ్వి, చీలమండ దగ్గరి నరమూ, మూత్రసంచిని అదుపు చేసే నరాలూ వెన్నులో ఒకేచోట కలుస్తాయని చెప్పారు. చీలమండకి కాస్త పైన సన్నటి సూది గుచ్చి, పాదానికి ఒక పట్టీ అంటించి, వైర్లు తగిలించారు. బొటనవేలు దానంతటదే ఎగిరిపడింది. తరవాత అరగంటసేపు జుమ్మని తిమ్మిరి.

బుధవారం బుధవారం వెళ్ళేదాన్ని. రెండో బుధవారం వదిన వీధిలో ఆపి, ఎక్కడికని అడిగింది. మోకాళ్ళకి కరెంటు పెట్టించుకుంటున్నానని చెప్పాను. మర్నాడే మా గుమ్మంలోకి వచ్చింది.

"నాకూ మోకాళ్ళు పీకేస్తున్నాయే. నన్నూ తీసుకెళ్ళు. ఇద్దరం కబుర్లాడుకుంటూ పోదాం."

"అక్కడ కొత్తవాళ్ళని చూడట్లేదు వదినా" అనేశాను. ఆవిడ నా మొహంలోకి చూసి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎదురుపడినా తలూపి ఊరుకునేది.

రాజమండ్రికి బస్సులో మూడు గంటల ప్రయాణం. పొద్దున్నించీ మంచినీళ్ళు ముట్టేదాన్ని కాదు. సంచిలో ఇంకో చీర ఉండేది. పాలకొల్లులో బస్సాగి అందరూ టీ తాగుతుంటే నోరెండిపోయి చూస్తూ కూర్చునేదాన్ని. ఆస్పత్రిలో అందరి పక్కనా ఎవరో ఒకరు ఉండేవారు. "మీతో ఎవరూ రాలేదాండీ?" అని నర్సు అడిగితే, మావాళ్ళకి ఖాళీ లేదన్నాను. అబద్ధాలు అలవాటైపోయాయి.

ఏడు వారాలు ఏ మార్పూ లేదు. ఎనిమిదోది అయ్యాక, లేచి బాత్రూముకి వెళ్ళేదాకా ఆగడం మొదలైంది. పూర్తిగా పోలేదు గానీ నాకది చాలు. పన్నెండోది అయిన మర్నాడు లేసు మూట పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. మిగతావాళ్ళు ఇంకా రాలేదు. వదిన పక్కన కూర్చున్నాను. ఎంతకీ సూది కదలదే. ఇక చెప్పేశాను.

"వదినా, నాకు మోకాళ్ళ నొప్పులు లేవు. ఉచ్చ ఆగేది కాదు. ఆ కరెంటు దానికే."

ఆవిడ తలెత్తలేదు. "తెలుసు. రోజుకి నాలుగు లంగాలు ఆరేసేదానివి. నీ దండెం ఇక్కడికి కనపడదా ఏంటి?"

"మరి నీకూ నొప్పులన్నావు?"

"నాకేం నొప్పులు? కోరుకొండ గుడి మెట్లు ఇప్పటికీ ఆగకుండా ఎక్కుతాను. అంత దూరం ఒక్కదానివే పోతున్నావని అడిగాను. నువ్వు వద్దన్నావు."

తోడొస్తానన్న మనిషిని గుమ్మంలోంచే పంపేసి, నాకెవరూ లేరని మూడు నెలలు కుమిలిపోయాను. ఆ మాట చెప్పబోయి ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు, అల్లిక ఆపలేదు.