చింతపండుతో తోమిన కప్పు

ఆ ఆదివారం బంతి గీత మీదే పడింది. పడలేదన్నవాణ్ణి నేను. అంతకుముందు ఇంకో తెలివితక్కువ పని చేశాను: కప్పు సంగతి కప్పిపెట్టుకోలేకపోయాను.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి సింగపూరు కంపెనీలు మా సాఫ్ట్‌వేరువాళ్ళని విమానాల్లో రప్పించుకున్న రోజులు. బుకిట్ బటోక్‌లో ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. వాళ్ళ తాతలు విశాఖ వైపు నుంచి వచ్చారు. ఆవిడ నాన్న ఇక్కడి క్లబ్బులో గడ్డి కోసేవాడట. పందొమ్మిది వందల యాభైల్లో ఆయన కూతురు, అంటే మా ఆంటీయే, అదే గడ్డి మీద ఒక దొరసానిని ఓడించి ఆడవాళ్ళ టెన్నిస్ సింగిల్స్ గెలిచింది. ఆ కప్పు దేవుళ్ళ మధ్య ఉండేది.

"పేరుండేది తంబీ దాని మీద. ప్రతి శుక్రవారం దీపాలతోపాటు చింతపండు పెట్టి తోమాను కదా, అరిగిపోయింది."

ఇది ఆఫీసులో భోజనాల దగ్గర గొప్పగా చెప్పాను. మా మేనేజరు తెలుగాయనే, తానుండే కాండో అనే ఖరీదైన అపార్ట్‌మెంట్ల కోర్టులో రోజూ టెన్నిస్ ఆడతాడు.

"పేరు లేదా? అయితే అది పంచపాత్రయ్యా! మన తెలుగువాళ్ళ ఆటల రోజు ఆవిణ్ణి తీసుకురా, ఒక సెట్ ఆడి చూద్దాం. సన్మానమూ చేద్దాం."

నాకు సన్మానం ఒక్కటే వినబడింది. జరిగింది ఇంట్లో ఆంటీకి చెప్పాను.

"పేరు పోయినా చెయ్యుంది కదా, చూపిస్తా" అని ఆవిడ తెల్ల కాన్వాస్ బూట్లకి సున్నం రాసుకుంది. అరవై దాటిన మనిషి.

మా లైను సాఫ్ట్‌వేరు. ఆ రోజు నాకు అప్పగించింది మాత్రం కోర్టు చివరి లైను. ఇక్కడ ఉద్యోగం చెయ్యడానికి నాకిచ్చిన పాస్ రెన్యువల్ కాగితం సంతకం కోసం మేనేజరు బల్ల మీదుంది.

ఆయన బంతిని నెట్ దగ్గర ఒకటి, ఆవిడ తల మీదుగా ఒకటి వేశాడు. మోకాలు పట్టుకుని ఆవిడ ముందుకీ వెనక్కీ పరిగెత్తింది.

"ఆంటీ, ప్రదక్షిణలు చాలు, హారతి ఇవ్వండి!" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. నా నవ్వు కొంచెం ఆలస్యమైంది, అంతే తేడా.

ఐదు-సున్నా తర్వాత ఆవిడ ఎడమ పక్క నుంచి ఒకటి కొట్టింది. మేనేజరు కదలనైనా లేదు. గీత మీద సున్నం లేచింది. నవ్వినవాళ్ళంతా నా వైపు తిరిగారు.

"ఏం, అంపైరు గారూ?" ఆయన నవ్వుతూనే అడిగాడు.

"అవుట్" అన్నాను.

తిరుగు రైల్లో ఆవిడ అడిగింది: "లోపలే పడింది కదా, తంబీ?"

"సరిగ్గా చూళ్ళేదాంటీ."

"చత్వారం నాకు కదా" అంది.

శుక్రవారం దేవుళ్ళ మధ్య కప్పు లేదు. సింకు పక్కనుంది, కప్పు నిండా చెంచాలు.

ఆ ఏడాది మా తెలుగువాళ్ళ సావనీరు సంచిక టైపు చెయ్యడం నా పని. కంప్యూటర్లో తెలుగు కొట్టడం ఇంకెవరికీ రాదు. రాకెట్ భుజాన పెట్టుకున్న తన ఫోటో ఇచ్చి, "గెలుపు గురించి రెండు ముక్కలు రాయవయ్యా" అన్నాడు మేనేజరు. నా పాస్ మీద ముద్ర పడ్డ మర్నాడు ధైర్యమొచ్చి రాశాను: "మహిళల సింగిల్స్ మాజీ చాంపియన్ చేతిలో మా మేనేజరుగారు ఆరు-సున్నా తేడాతో ఓడిపోయారు. ఫోటోలో: ఓడినవారు."

"ఏంటయ్యా ఇది?" సావనీరు పంచాక మేనేజరు ఆ పేజీ నా ముందు పెట్టాడు.

"అచ్చుతప్పు సార్."

ఆంటీకి తెలుగు చదవడం రాదు. చదివి వినిపించే మొహం నాకు లేదు. గుంటూరులో మేనేజరుగారి మామగారికి మాత్రం ఒక కాపీ పోస్టు చేశాను, ఆ పేజీ మడతపెట్టి.