బుల్లెన్ మెర్రిలో మొదటి చేప

మా ముత్తాత మూడు ఊళ్ళకు మునసబు. మా తాతకు ఆ మూడు ఊళ్ళ చెరువుల మీద చేపల హక్కు ఉండేది. ఎండాకాలం నీళ్ళు అడుగంటాక వలలు దించేవారు. మొదటి వలలో పడ్డ పెద్ద చేపను అరిటాకులో పెట్టి మా అరుగు దగ్గరికి తెచ్చేవారు. తెచ్చినవాడు మెట్ల కిందే నిలబడి చేతులు చాచి అందించేవాడు. తాత దాన్ని అందుకుని తలాడించాకే మిగతా చేపలు బుట్టల్లోకి ఎత్తేవారు. మా ఇంట్లో ఎవరూ ఏనాడూ వల పట్టలేదు, గాలం వెయ్యలేదు. మా పని అందుకోవడం.

మా నాన్న హయాంలో ముందు హక్కులు పోయాయి, తర్వాత పొలాలు, చివరికి ఆ అరుగున్న ఇల్లు. ఆయన నాకు నేర్పింది నిటారుగా కూర్చోవడం. భోజనాల దగ్గర వెన్ను కాస్త వంగినా స్కేలుతో తట్టేవాడు. ఆ వెన్నుతోనే ఈ దేశం వచ్చాను. వెర్రిబీ అనే ఊళ్ళో ఒక గోదాములో షిఫ్టు సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. చెప్పుకోవడం నాకు చేతకాదు.

ఒక్కడికి మాత్రం తెలుసు. ఇండియన్ సరుకుల కొట్లో బిల్లు కౌంటర్ దగ్గర నా మాట యాస విని ఏ ఊరని అడిగాడు. చెప్పాను. ఏ ఇల్లని అడిగాడు. అదీ చెప్పాను. నవ్వాడు. వాళ్ళ తాత మా చెరువుల్లో వల లాగేవాడట. అరిటాకు పట్టుకుని మా మెట్ల కింద నిలబడ్డవాళ్ళలో ఆయన ఒకడట. ఇతను చదువుకోవడానికి ఇక్కడికి వచ్చి, టాక్సీ తోలి, ఇప్పుడు ఏసీ మెషిన్లు బిగించే సొంత పని చేసుకుంటున్నాడు. ఒక చిన్న అల్యూమినియం పడవ ఉంది. శనివారాలు దాన్ని ట్రైలర్ మీద కట్టుకుని ట్రౌట్, సాల్మన్ చేపలు పట్టడానికి వెళతాడు. "మీరూ రండి బాబుగారూ, ఇక్కడ హక్కులు లేవు, లైసెన్సు చాలు" అన్నాడు.

వెళ్ళాను. బుల్లెన్ మెర్రి సరస్సు రెండు గంటల దారి. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం నోట్లో నిండిన నీళ్ళు. చుట్టూ గుండ్రంగా పచ్చటి గట్టు, మీద గొర్రెలు. అంత లోతైన నీళ్ళ మీద కూడా నేను పడవలో నిలబడే ఉన్నాను. "కూర్చోండి, ఇక్కడెవరూ మీకు లేచి దణ్ణం పెట్టరు, పడవ మాత్రం తిరగబడుద్ది" అన్నాడు. కూర్చున్నాను. గాలం ముడి వెయ్యడం, చేప లాగినప్పుడు దారం వదలడం, మళ్ళీ చుట్టడం అన్నీ అతనే నేర్పాడు. చేపను ముట్టుకునే ముందు చేతులు నీళ్ళలో తడుపుకోమనేవాడు. పొడి చేతులు తగిలితే దాని ఒంటి మీది జిగురు పోతుందట. వదిలేసినా బతకదట.

మూడేళ్ళు అలా వెళ్ళాం. ఊరి మాటలు, ఆ చెరువుల మాటలు నేను అతనితోనే చెప్పుకునేవాణ్ణి. అతను లేకపోతే నేను గోదాములో ఒక బ్యాడ్జీ నంబరుని, అంతే. ఈ స్నేహం పోకూడదని లోలోపల భయంగానే ఉండేది. అతను నన్ను మీరు అనేవాడు, నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి. ఇద్దరిదీ ఒకే వయసు. అందులో తప్పు ఉందని నాకెప్పుడూ తోచలేదు.

పోయిన జూలైలో, ఇక్కడి చలికాలంలో, వాళ్ళమ్మాయిని కూడా తెచ్చాడు. యూనివర్సిటీలో రెండో ఏడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. చలికి ముక్కు ఎర్రబడినా గాలం వదల్లేదు. పొద్దెక్కాక ఆమె రాడ్ వంగింది. పావుగంట పెనుగులాడి పైకి తెచ్చింది. సాల్మన్. వెండి పళ్ళెంలా ఉంది, వీపు మీద నల్ల చుక్కలు. ఆమె పట్టిన మొదటి చేప. తడి చేతులతో ఎత్తి వాళ్ళ నాన్నకు చూపిస్తోంది.

"మొదటిది మా అరుగు మీదికి రావాలి కదా" అన్నాను.

నా నోరు నవ్వుతూనే ఆ మాట అంది. చేతులు మాత్రం నవ్వలేదు. అవి తాత చేతుల్లాగే ముందుకు చాచుకుని, చేప వచ్చి వాలుతుందని ఆగాయి. పొడిగా ఉన్నాయి.

ఆయనకెందుకివ్వాలని ఆ పిల్ల ఇంగ్లీషులో అడిగింది. అతను ఆమె చేతుల్లోంచి చేపను తీసుకుని, పడవ అంచు మీదుగా వంగి, నీళ్ళలో తిన్నగా పట్టుకున్నాడు. దాని మొప్పలు ఆడేదాకా ఆగి వదిలేశాడు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా అన్నాడు.

"మా తాత నిలబడ్డ చోట నా కూతురు నిలబడదండీ."

ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి, చేప పోయినందుకు. తిరుగు దారిలో, కారులో అతను వెనక్కి చూసి, ఇంటికెళ్ళాక అంతా చెబుతానని ఆమెకు మాటిచ్చాడు. ఏం చెబుతాడో నాకు తెలుసు. నన్ను ఇంటి ముందు దింపి, జాగ్రత్తండీ అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత శనివారం ఫోన్ రాలేదు.

క్షమించమని మెసేజ్ రాశాను, చెరిపేశాను. ఇంకోసారి రాశాను, అందులో సరదాగా అన్నానని ఉంది. అదీ చెరిపేశాను, ఎందుకంటే అది అబద్ధం. వాళ్ళ ఇల్లు మా ఇంటికి నాలుగు వీధుల అవతల. మా ఇంట్లో మగవాళ్ళు ఒకరి గుమ్మానికి తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళినట్టు నేను వినలేదు. అతనే పిలుస్తాడని చూశాను. చలికాలం వెళ్ళింది, వసంతం వెళ్ళింది. ఒక్కోసారి కారు వాళ్ళ వీధి మొదట్లోకి తిప్పి, వెనక్కి తీసుకొచ్చేవాణ్ణి.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున నడిచి వెళ్ళాను. ఏం అనాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. మొదటి మాటగా అతన్ని మీరు అని పిలవాలనుకున్నాను. తలుపు తీసింది ఎవరో కొత్తవాళ్ళు. పక్కింటావిడ బయటికి వచ్చి చెప్పింది. అక్టోబరులోనే ఇల్లు అమ్మి అందరూ బ్రిస్బేన్ వెళ్ళిపోయారట. పడవను, ట్రైలర్‌ను అంతకు నెల ముందే అమ్మేశారట.